తడిసిన ఉన్ని కోటు వాసన

మొన్న శనివారం పాత వీధి నుంచి పక్కింటి పెద్దమ్మ ఫోన్ చేసింది. గ్యారేజీ ఖాళీ చేస్తున్నాం, ఆయన సామాన్లలో నీకు కావలసినవి ఏమైనా ఉంటే వచ్చి తీసుకుపో అంది. ఆయన పోయి ఆరు నెలలు దాటింది. మేం అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని ఆ ఫారెస్ట్ గ్రోవ్ ఊరు వదిలి వచ్చి కూడా చాలా ఏళ్ళయింది, అయినా ఇప్పుడు మేముండే హిల్స్‌బరో నుంచి ఎంత, అరగంట దూరం కూడా లేదు. వెళ్ళేసరికి గ్యారేజీ తలుపు పైకెత్తి ఉంది. లోపలికి అడుగుపెట్టానో లేదో ఆ వాసన. తడిసి ఆరి, మళ్ళీ తడిసి ఆరిన ఉన్ని, తుపాకీకి రాసే నూనె, సీడర్ చెక్క పొట్టు, ఫ్లాస్కులో మిగిలిపోయిన కాఫీ. అన్నీ కలిసి ఒకటే వాసన. కోటు ఎప్పటిలాగే మేకుకు వేలాడుతోంది, ఎరుపు నలుపు గళ్ళది, మోచేతుల దగ్గర పెద్దమ్మ వేసిన మాసికలతో.

ఆ కోటు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పెద్దమ్మ లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ముఖం మీద పేరుపెట్టే పిలిచేవాడిని, ఇక్కడ పద్ధతి అంతే కదా. కానీ ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునేటప్పుడు ఎప్పుడూ "పెద్దాయన" అనే అనుకున్నాం. మా అమ్మాయికి మాటలొచ్చాక తాతయ్య అయ్యాడు. నలభై ఏళ్ళు అడవి పనిలో ఉన్న మనిషి. కుర్రతనంలో నరికిన దుంగలకు ఇనుప తాళ్ళు బిగించేవాడు, తర్వాత దుంగల లారీ తోలాడు. ఎడమచేతికి రెండు వేళ్ళు సగమే ఉండేవి.

మేం ఆ ఇంట్లోకి దిగిన మొదటి ఏడాది, దీపావళి ముందు రోజు సాయంత్రం. గుమ్మంలో ప్రమిదలు ఎక్కడ పెట్టాలా అని బయటికి వచ్చాను. సన్నగా వాన. పక్క గ్యారేజీలో లైటు వెలుగుతోంది, లోపల దూలానికి ఒక జింక తలకిందులుగా వేలాడుతోంది. మా ఆవిడ చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. ఆయన నన్ను చూసి "వానలో ఎందుకు, లోపలికి రా" అని పిలిచి, అదేదో మామూలు విషయం అన్నట్టు తోక ఎత్తి చూపించాడు. పైభాగం నల్లగా, కింద తెల్లగా. ఇదే బ్లాక్‌టెయిల్ అన్నాడు. క్యాస్కేడ్ కొండలు దాటి తూర్పుకి పోతే ఎండ నేలల్లో పెద్ద చెవుల మ్యూల్ డీర్ ఉంటాయి, ఇది వాటి చెల్లెలి పిల్ల లాంటిది, కొంచెం చిన్నది, తడి అడవిలో బతుకుతుంది, కాలిఫోర్నియా ఉత్తరం నుంచి కెనడా దాకా సముద్రం పక్కన కొండల్లో ఉంటుంది అని చెప్పాడు. అప్పటికి నాకు వాటిలో సగం మాటలే అర్థమయ్యాయి.

నాకు అడవి కొత్త కాదు. మా నాన్న నల్లమలలో వెదురు కూపుల్లో, అంటే నరకడానికి కేటాయించిన అడవి ముక్కల్లో, గుమాస్తాగా చేశాడు. సెలవుల్లో ఆయనతో పాటు గిద్దలూరు అవతల కూపుకి వెళ్ళి గుడిసెలో పడుకున్న రాత్రులు ఉన్నాయి. దుప్పి అరిస్తే నాన్న లేచి కూర్చునేవాడు, ఎటు నుంచి అరిచిందో చెప్పేవాడు. వేట మాత్రం మా ఇంట్లో లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ మాట ఎత్తడానికే అందరూ జంకేవాళ్ళు. పక్కింటాయనతో అడవికి వెళ్తున్నానని ఫోన్లో చెబితే నాన్న మొదట అడిగింది, "జింకను కొడితే జైల్లో పెట్టరట్రా?" అని. ఇక్కడ లైసెన్సు ఇస్తారు, ఒక మనిషికి ఒక జింకకు ట్యాగు, అంటే కొట్టిన జింకకు కట్టే చీటీ, ఇస్తారు, అంతకు మించితే ఇక్కడా కేసే అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కడ ఏం చెట్లు?" అని అడిగాడు.

*

కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో నాది పన్నెండు గంటల షిఫ్టు. ఒక వారం మూడు రోజులు, ఒక వారం నాలుగు. కాబట్టి మామూలు రోజుల్లో, అడవిలో జనం లేనప్పుడు, నాకు ఖాళీ దొరికేది. మొదటి మూడేళ్ళు నేను తుపాకీ ముట్టలేదు. గ్రీన్ కార్డు వచ్చేదాకా వద్దని నాకు నేనే పెట్టుకున్నాను. ఊరికే వెంట నడిచేవాడిని. ఇప్పుడు తలుచుకుంటే ఆ మూడేళ్ళే నేను ఎక్కువ నేర్చుకున్నది.

తెల్లవారుజాము నాలుగుకి వంటింటి లైటు వేసి ఉంచితే ఆయనకు అదే గుర్తు, నేను లేచానని. హారన్ కొట్టేవాడు కాదు. పాత పికప్‌లో హీటరు మోత, కాళ్ళ దగ్గర ఫ్లాస్కు, గేల్స్ క్రీక్ దాటి హైవే 6 ఎక్కేసరికి దుంగల లారీలు ఎదురొచ్చేవి, దిగుడులో వాటి ఇంజన్ బ్రేకు చప్పుడు లోయంతా దడదడమనేది. ఆయన ప్రతి లారీకీ చెయ్యెత్తేవాడు. ఆ చీకట్లో ఎవరికి కనిపిస్తుంది? అయినా ఎత్తేవాడు.

కంకర రోడ్డు మీద ఒక మలుపులో బండి ఆపి, ఇంజన్ కట్టేసి, తలుపుల్ని దభాలున వెయ్యకుండా నడుముతో నొక్కి మూయడం. అది నాకు నేర్పిన మొదటి పాఠం. తర్వాత కాసేపు ఏమీ చెయ్యకుండా నిలబడేవాళ్ళం. చీకట్లో చినుకుల చప్పుడు. వాన ఆగిపోయినా ఆ అడవిలో చెట్ల నుంచి గంటల తరబడి నీళ్ళు కారుతూనే ఉంటాయి. మా ప్రకాశం జిల్లాలో ఏడాదికి 30 అంగుళాలు పడితే దేవుడు చల్లగా చూశాడనుకుంటాం. ఆ కొండల్లో 100 అంగుళాలు పడే చోట్లున్నాయి. రాళ్ళకు నాచు, మాను మీద నాచు, పడిపోయిన మాను మీద మళ్ళీ చెట్లు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చడానికి అనుమతి. ఆయన గడియారం చూసుకునేవాడు, కానీ ఆ టైముకి నా కళ్ళకు నా చెయ్యే సరిగ్గా కనిపించేది కాదు.

మూడు అడుగులు వెయ్యి, ఆగు. ఆగినప్పుడు చెట్టు పక్కన ఆగు, ఖాళీలో ఆగకు. మూడు అడుగులకు పట్టే టైముకి పది రెట్లు నిలబడు. ఆయన వేట అంతా ఇదే. ఒక ఫర్లాంగు దూరానికి గంట పట్టేది. కోటు జేబులో పాత పౌడర్ డబ్బా, గాలి మా వాసనను జింక వైపు మోస్తోందేమో చూడడానికి అప్పుడప్పుడు చిటికెడు గాల్లోకి వదిలేవాడు. పొద్దున చల్లగాలి కొండ మీంచి లోయలోకి జారుతుంది, ఎండ తగిలి నేల వేడెక్కితే అదే గాలి తిరిగి పైకి ఎక్కుతుంది. అందుకని పొద్దున కింది నుంచి పైకి, తర్వాత పై నుంచి కిందికి నడవాలి. గాలి మెడ వెనక తగిలిందంటే ఇక ఆ లోయ వదిలెయ్యాల్సిందే, మరో మాట లేదు. వెనక్కి తిరిగి వచ్చేసేవాడు, గంట నడిచి వచ్చినా సరే.

"జింకను వెతక్కు, ముక్కలు వెతుకు" అనేవాడు. ఆ అడవిలో గీతలన్నీ నిలువు గీతలే, డగ్లస్ ఫర్ మాన్లు, హెమ్లాక్ మాన్లు, ఆల్డర్ మాన్లు. ఎక్కడన్నా అడ్డగీత కనిపిస్తే ఆగి చూడు, అది వీపు కావచ్చు. తొంభై తొమ్మిది సార్లు అది పడిన కొమ్మే. నూరోసారి చెవి కదులుతుంది. బ్లాక్‌టెయిల్ మగది ఎక్కువగా రాత్రిళ్ళు తిరుగుతుంది, పగలంతా సలాల్ పొదల్లో, మనిషెత్తు ఫెర్న్‌లలో, వైన్ మేపుల్ కొమ్మలు అల్లుకున్న గోతుల్లో పడుకుని ఉంటుంది. పది గజాల్లో మనం దాటిపోయినా లేవదు. ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. తూర్పు వైపు మైదానాల్లో దుర్భిణి పెట్టుకుని రెండు మైళ్ళ అవతలి జింకను చూసే వేట వేరు. ఇది వేరు.

చిన్న గోధుమ రంగు ఉడుత ఒకటుండేది, డగ్లస్ ఉడుత, పిడికిలంత. మమ్మల్ని చూస్తే చాలు, కొమ్మ మీదెక్కి తిట్ల దండకం మొదలుపెట్టేది. అది అరుస్తున్నంతసేపు కదలకూడదు, పావుగంట అయినా సరే. దానికి విసుగొచ్చి ఊరుకున్నాకే మళ్ళీ మూడు అడుగులు. ఇంకో పక్షి, వేరీడ్ త్రష్ అంటారు, చీకటి విడవక ముందే ఒక్క స్వరం పొడుగ్గా ఈల వేసి ఆపేస్తుంది. కాసేపాగి ఇంకో చోట నుంచి ఇంకో స్థాయిలో ఇంకో ఈల. బడిలో డ్రిల్లు మాస్టారి ఈల దూరం నుంచి వినిపించినట్టు. నాకు ఆ పక్షి కనిపించడానికి రెండేళ్ళు పట్టింది.

ఎక్కువ రోజులు ఖాళీ చేతులతోనే వచ్చేవాళ్ళం. ఖాళీ చేతులంటే పూర్తిగా ఖాళీ అనడానికి లేదు, అక్టోబరులో ఫర్ చెట్ల కింద బంగారు రంగు చాంటరెల్ పుట్టగొడుగులు వస్తాయి, ఆయన దగ్గర చిన్న మడత చాకు ఉండేది, టోపీ నిండా కోసుకొచ్చేవాడు. మా ఆవిడ వాటిని ఉల్లిపాయలు, మిరియాలతో వేపుడు చేసేది. ఆ అడవిలో నుంచి మా వంటింట్లోకి మొదట వచ్చింది పుట్టగొడుగులే.

*

పెద్దాయన ఆ అడవి గురించి మాట్లాడే తీరు నాకు చాలా కాలం అర్థం కాలేదు. "ఇవి మా చెట్లు" అనేవాడు. సర్కారు అడవి కదా అనుకునేవాడిని. ఒక రోజు వాన దంచుతుంటే ఒక పెద్ద మొద్దు చాటున కూర్చున్నాం. ఇద్దరు మనుషులు చేతులు చాపినా అందనంత వెడల్పు మొద్దు. నేను చెయ్యి పెట్టి తీస్తే అరచేతికి మసి. ఇంత వానలో, ఇన్ని దశాబ్దాల తర్వాత, మసి. అప్పుడు చెప్పాడు.

1933 ఆగస్టులో గేల్స్ క్రీక్ లోయలో దుంగలు లాగుతున్న చోట నిప్పు పుట్టింది. వందల ఏళ్ళ మహావృక్షాలు, రెండు లక్షల ఎకరాలకు పైగా కాలిపోయాయి. అంతటితో అయిపోలేదు. 1939లో మళ్ళీ, 1945లో మళ్ళీ, 1951లో మళ్ళీ. లెక్కపెట్టినట్టు ఆరేళ్ళకోసారి. మొత్తం మూడున్నర లక్షల ఎకరాలు. జనం దాన్ని టిల్లమూక్ బర్న్ అన్నారు, కాలిన నేల అని. ఆయన చిన్నప్పుడు అక్కడ కొండలన్నీ బూడిద రంగులో, ఎండిన మోళ్ళు దువ్వెన పళ్ళలా నిలబడి ఉండేవట. 1949 నుంచి మళ్ళీ నాటడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళకు పైగా నాటారు, 7 కోట్లకు పైగా మొక్కలు. హెలికాప్టర్లతో విత్తనాలు చల్లారు. బడి పిల్లల్ని బస్సుల్లో తీసుకొచ్చారు. ఆ పిల్లల్లో ఈయన ఒకడు. మధ్యాహ్నానికి అమ్మ కట్టిచ్చిన సాండ్‌విచ్ చేతులకున్న మసితోనే తిన్నాడట, ఆ రుచి ఇంకా గుర్తుంది అన్నాడు. 1973లో దానికి టిల్లమూక్ స్టేట్ ఫారెస్ట్ అని పేరుపెట్టారు. అప్పటికి ఆయన లారీ స్టీరింగు ముందున్నాడు.

బ్లాక్‌టెయిల్ విషయం కూడా ఆరోజే బోధపరిచాడు. కాలినా, కొట్టేసినా, నేల మీద ఎండ పడితే నాలుగైదేళ్ళలో తీగ బ్లాక్‌బెర్రీ, హకిల్‌బెర్రీ, ఫైర్‌వీడ్, లేత ఆల్డర్ లేస్తాయి. అదంతా జింకకు మేత. పదిహేను ఇరవై ఏళ్ళకు ఫర్ చెట్ల కొమ్మలు ఒకదానికొకటి అందుకుని పైకప్పు మూసుకుపోతుంది, కింద చీకటి, ఫెర్న్ తప్ప ఏమీ మొలవదు. జింక మెల్లగా పక్క కొండకు వెళ్ళిపోతుంది. కూపు అంటే నాకు తెలుసు కాబట్టి ఇట్టే అర్థమైంది. ఆయన జీవితమంతా జింక వెనక కొండ నుంచి కొండకు మారుతూ వచ్చాడు. ఏ కొండ ఏ ఏడాది కొట్టారు, ఏ ఏడాది నాటారు, ఇప్పుడు ఎంతెత్తు ఉంటాయి, అన్నీ నోటికి. పిల్లాడిగా తను నాటినవి అని నమ్మిన చెట్లను కొన్నేళ్ళకు నరికి దుంగలు చేస్తే, ఆ దుంగల్ని తనే లారీలో దించి వచ్చానని చెప్పాడు. బాధ అనిపించలేదా అని అడిగాను. "మరుసటి ఏడాది అక్కడ మళ్ళీ నాటారు. వెళ్ళి చూశాను" అన్నాడు.

*

నేను కాల్చిన మొదటి జింక గురించి రాయకుండా ఈ జ్ఞాపకాలు పూర్తి కావు, రాయడానికి కష్టంగా ఉన్నా.

హంటర్ సేఫ్టీ క్లాసు చేశాను, ఆయనతో గుంటల దగ్గర రెండు వేసవులు గురి చూసుకున్నాను. ఆయన పాత లీవర్ యాక్షన్ రైఫిల్, .30-30 తూటాలది, నాకిచ్చాడు. అక్టోబరు ఆఖరి వారం. మగవి జత కోసం తిరగడం మొదలయ్యే రోజులు, కాస్త పగలు కూడా కనిపిస్తాయి. కొట్టేసిన కూపు అంచున, ఆల్డర్ ఆకులు రాలిన చోట, కొమ్ములు రెండేసి చీలికలైన మగది తల వంచి ఆకులు తింటోంది. డెబ్బై గజాలు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. నొక్కేశాను. అది నాలుగు కాళ్ళ మీద బంతిలా ఎగిరి, కింది గోతిలోకి దూకి మాయమైంది.

ఆయన ఏమీ అనలేదు. అరగంట కూర్చోబెట్టాడు. వెంటనే తరిమితే మైలు దూరం పోతుంది, వదిలేస్తే దగ్గర్లో పడుకుంటుంది. తర్వాత వెళ్ళి చూస్తే ఫెర్న్ ఆకు మీద రక్తం, నల్లగా, ఆకుపచ్చ వాసనతో. దాని అర్థం ఆయన చెప్పక్కర్లేదు, ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఊపిరితిత్తుల వెనక్కి, పొట్టలో తగిలింది. మళ్ళీ రెండు గంటలు కూర్చున్నాం. వాన మొదలైంది. రక్తం కనిపించిన ప్రతి చోటా కొమ్మకు చిన్న టాయిలెట్ పేపర్ ముక్క అతికించుకుంటూ వెళ్ళాం, వెనక్కి తిరిగి చూస్తే దారి తెలియడానికి. మోకాళ్ళ మీద పాకాం. చీకటి పడేసరికి ఆఖరి ముక్క ఒక వాగు గట్టున ఆగిపోయింది. ఇంటికి వెళ్దామా అని అడిగాను. నాకు ఆ రాత్రి షిఫ్టు ఉంది.

"దాన్ని వెతకడం నీ పని. దొరికేదాకా నీకు వేరే పని లేదు" అన్నాడు. కోపంగా కాదు. ఫోన్ సిగ్నల్ అందే మలుపు దాకా వెళ్ళి పనికి రానని చెప్పాను. బండిలోనే పడుకున్నాం. నిద్ర ఎక్కడ? తెల్లవారాక వాగు అవతల, పడిపోయిన మాను కింద, కాళ్ళు ముడుచుకుని ఉంది. అప్పటికే ప్రాణం లేదు. మేం ఆగిపోయిన చోటుకి నలభై అడుగులు ఉంటుందేమో. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను ఓదార్చలేదు, చాకు చేతికిచ్చాడు. ముందు ట్యాగులో నెల, తేదీ ముక్కలు కోయించాడు, కొమ్ముకి కట్టించాడు. తర్వాత పొట్ట చీల్చడం, లోపలిది తియ్యడం, అంతా నా చేతే. రాత్రంతా చలి కాబట్టి చాలావరకు మాంసం నిలిచింది, పొట్ట పక్కన కొంత పాడైంది. ఆ పాడైనదాన్ని కూడా చూపించాడు. ఇది నీ లెక్కలో రాసుకో అన్నాడు.

ఆ తర్వాత చాలా జింకల్ని కాల్చకుండా వదిలేశాను. పక్కకి తిరగనిది, కొమ్మ అడ్డమున్నది, నా ఊపిరి కుదురుకోనిది. ఆయన ఒక్కసారి కూడా ఎందుకు వదిలావు అని అడగలేదు.

*

వంట సంగతి. గుండెకాయ, కార్జం ఆ రోజే తినాలని ఆయన నియమం, పెద్దమ్మ వెన్నలో ఉల్లిపాయలతో వేయించేది. మిగతాది గ్యారేజీలో కొన్ని రోజులు వేలాడదీసి, బల్ల మీద కోసి, తెల్ల కాగితంలో చుట్టి, మీద పెన్సిల్‌తో రాసి ఫ్రీజర్‌లో పెట్టడం. జింక కొవ్వు మైనంలా నోటికి అంటుకుంటుంది, అంతా తీసి పారెయ్యాలి. మా వాటా నేను అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, గసగసాలు వేసి కుక్కర్లో పెట్టేవాడిని. మా ఆవిడ మొదటి రెండేళ్ళు ముట్టలేదు, మూడో ఏడాది వేపుడు అడుగున కరకరలాడేది గీరి తిన్నది.

చిక్కు ఏమిటంటే సీజన్ ముగిసేది నవంబరు మొదట్లో. దీపావళి మర్నాటి నుంచి కార్తీకం. మా ఇంట్లో నెలంతా నీచు లేదు, అమ్మ ఊళ్ళో నుంచి ఫోన్ చేసి మరీ గుర్తుచేసేది. కాబట్టి ఆఖరి వారంలో దొరికిన మాంసం నెల రోజులు పెద్దాయన ఫ్రీజర్‌లో ఉండేది. కాగితం మీద నా పేరు, కింద "నెలవంక తర్వాత" అని రాసేవాడు. చంద్రుణ్ణి బట్టి లెక్క అని నేను ఒకసారి చెప్పాను, అంతే, ఏటా తనే క్యాలెండర్‌లో అమావాస్య చూసుకునేవాడు. పోలి స్వర్గం రోజు దాటిన మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో పొట్లాలు ఉండేవి.

*

ఇప్పుడు ట్యాగు ఫోన్లో ఉంటుంది. చాకుతో తేదీ కోసే పని చాలామందికి లేదు. కలప కంపెనీల భూముల్లో చాలా రోడ్లకు గేట్లు పడ్డాయి, పర్మిట్ కొనుక్కోవాలి. కొట్టేసిన చోట ఫర్ మొక్క తప్ప ఏదీ లేవకుండా మందు కొట్టేస్తున్నారు, అంటే జింక మేత అంతా పోయినట్టే. ఇది చూసి ఆయన నిజంగా బాధపడేవాడు. 90ల నుంచి విదేశీ పేలు పట్టి శీతాకాలంలో జింకల వెంట్రుకలు ఊడిపోయే జబ్బు కూడా ఉంది, వీపంతా తెల్లబారి, గోక్కుంటూ, వణుకుతూ. అలాంటిది ఒకటి మా వీధి చివర కనిపిస్తే ఆయన ఆ పూట అన్నం తినలేదని పెద్దమ్మ చెప్పింది.

ఆయనతో ఆఖరిసారి వెళ్ళినప్పుడు నడవలేకపోయాడు. బండిలో కూర్చుని, అద్దం దించి, మోకాళ్ళ మీద దుప్పటి వేసుకుని, నన్ను పంపించాడు. మేం మొద్దు చాటున కూర్చున్న ఆ చోటు మీదుగా వెళ్ళాను. పైకప్పు మూసుకుపోయింది. పట్టపగలు చీకటి. ఒక్క అడుగుజాడ లేదు. వచ్చి చెబితే తలూపాడు. తిరుగు దారిలో ఒక మలుపు దగ్గర ఆపమని, ఎదురుగా కొత్తగా కొట్టి నాటిన కొండ చూపించాడు. మొక్కలు మోకాలెత్తు కూడా లేవు, మధ్యమధ్యన ఎర్ర మట్టి కనిపిస్తోంది. "నాలుగేళ్ళు ఆగు. పై అంచున, వాగు మొదలయ్యే చోట, తెల్లారకముందే వెళ్ళి కూర్చో" అన్నాడు.

కోటు తెచ్చుకున్నాను. జేబులు తీసి చూస్తే పౌడర్ డబ్బా, పుట్టగొడుగుల చాకు, ట్యాగు కట్టే దారం ఉండ, ఒక ప్లాస్టిక్ సంచీలో మడతపెట్టిన టాయిలెట్ పేపర్. మా అమ్మాయి కోటు ముక్కు దగ్గర పెట్టుకుని, "తాతయ్య గ్యారేజీ" అంది.

ఈ శుక్రవారంతో సీజన్ అయిపోతుంది. ఆ కొండకు ఇది నాలుగో ఏడు. రేపు నాలుగుకి అలారం పెట్టాను, అమ్మాయి తనూ వస్తానంది. బూట్లలోకి దళసరి మేజోళ్ళు వెతికి పెట్టాను. బండి తలుపు వెయ్యకుండా ఎలా మూయాలో సాయంత్రం వాకిట్లో చూపించాను, మూడోసారికి చప్పుడు రాలేదు.